సంతకము కుదరని వేళ

మొగల్తూరు పరిసరములందు రొయ్యల చెరువులు విస్తారముగా కలవు. తెల్లవారుజామున చెరువునీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గును. సకాలమున ఏరియేటర్లు తిప్పనిచో రొయ్యలు చచ్చును. ఆ ప్రాణవాయువును కొలిచి, దూరమున నున్న అమెజాన్ వారి ఎస్-3 క్లౌడ్ భాండారమునకు లెక్కలు పంపు యంత్రమొకటి గట్టుపై నున్నదనుకొందము. పగలెల్ల లెక్కలు చేరుచుండును. అర్ధరాత్రి దాటగనే తిరస్కృతములగును. ఉదయము 5.30 తరువాత మరల చేరును. ఇందలి మర్మమేమి?

పంపు ప్రతి అభ్యర్థనపైనను గణితపు సంతకముండవలయును. పంపువానికిని సేవకును ఒక రహస్యపు తాళపుచెవి ఉమ్మడి. అది త్రోవలో పయనింపదు. అభ్యర్థన పాఠమును, కాలమును, ప్రాంతమును ఆ చెవితో కలిపి యంత్రము సంతకము కట్టును. సేవయు అట్లే లెక్కించి పోల్చును. ఒక్క అక్షరము మారినను రెండును కలియవు.

ఈ సంతకమునకు తేదీ రెండుమారులు కావలయును: కాలముతోడ నొకటి, ప్రాంతపు పేరుతోడ నొకటి. రెండును యూటీసీ అను ప్రపంచ కాలమానముననే యుండవలయును. మన గడియారము దానికి 5 గంటల 30 నిమిషములు ముందు. రెండవ తేదీని మన పంచాంగము ననుసరించి వ్రాసినచో, అర్ధరాత్రి మొదలు 5.30 వరకు అవి పొసగవు. అచ్చట ఇంకను నిన్నటి దినమే! ప్రాణవాయువు తగ్గు గడియలును అవియే.

మరి మూడు తావులు చూడదగును. మొదటిది గడియారము: 15 నిమిషములకు మించి తప్పినచో ఎస్-3 అంగీకరింపదు. రెండవది ప్రాంతము: హైదరాబాదు కేంద్రము 2022లో వెలసినది, అచ్చటికి పంపుచు ముంబయి పేరు వ్రాసిన చెల్లదు. మూడవది వర్ణక్రమము: మొగల్తూరు అను పేరు యంత్రమునకు 9 సంకేతములు, 27 బైట్లు, చిరునామాలో శాతపు గుర్తులతో 81 అక్షరములగును. ఒకవైపు ఇట్లును, వేరొకవైపు మరొక తీరునను వ్రాసినచో సంతకము చెడును.

కావున తాళపుచెవిని మార్చుటకు తొందరపడరాదు. సహాయమునకై దానిని పరులకు చూపరాదు. విసిగి భాండారమును అందరికిని తెరచి యుంచరాదు. సంతకము కలియనపుడు ఎస్-3 తాను లెక్కకు గైకొన్న పాఠమును ప్రత్యుత్తరముననే తెలుపును. దానిని మన యంత్రపు పాఠముతో పంక్తికి పంక్తి పోల్చిన చాలును. భేదమున్న చోటనే దోషము బయటపడును.