విశ్వవిద్యాలయములు – మార్పునకు సన్నాహము

(ప్రసంగ పాఠము)



విశ్వవిద్యాలయమనగానే గొప్ప కట్టడములు, విశాలమైన గ్రంథాలయము, పట్టప్రదానోత్సవమున నిలువుటంగీలు ధరించిన ఆచార్యులు కన్నులకు గట్టుదురు. పరీక్షావిభాగమున ప్రొద్దుగూకు వరకు మార్కుల పట్టికలు సరిచూచు గుమాస్తా గాని, ప్రయోగశాలలో గాజుసామగ్రి కడిగి బీరువాలో పెట్టు సహాయకుడు గాని ఎవ్వరి ఊహకును తట్టరు. కేంద్రప్రభుత్వ కార్యాలయములలో ఏండ్ల తరబడి పనిచేసిన ఈ సభవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. క్రొత్త పద్ధతి నిలుచునా, కూలునా అన్నది ఉత్తరువుపై సంతకము చేసినవారి చేతిలో కంటె, దానిని అమలుపరచు బల్ల వద్ద కూర్చున్నవారి చేతిలోనే ఎక్కువగ నుండును. విశ్వవిద్యాలయములలోనికి యంత్రములును, క్రొత్త వ్యవస్థలును వెల్లువగ వచ్చుచున్న ఈ కాలమున, మనుష్యులను ముందుగ సన్నద్ధులను చేసిన సంస్థలకు ఏమైనది, చేయని సంస్థలకు ఏమైనది అన్నది విచారింపదగిన విషయము.

మన దేశమున ఆధునిక విశ్వవిద్యాలయములు 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములలో వెలసినవి. వానికి నమూనా లండను విశ్వవిద్యాలయము. అవి తొలుత పాఠములు చెప్పునవి కావు. పరీక్షలు జరిపి పట్టములిచ్చునవి. బోధన అనుబంధ కళాశాలల వంతు. తరువాతి కాలమున బోధన, పరిశోధన వచ్చి చేరినను, ఆ పుట్టుమచ్చ నేటికిని మాసిపోలేదు. పరీక్షావిభాగమే పెక్కు విశ్వవిద్యాలయములకు గుండెకాయ. కావుననే మార్పు ఏ రూపమున వచ్చినను దాని తొలిదెబ్బ తగులునది అచ్చటనే.

ముందుగ సన్నాహము చేసిన సంస్థకు తెలుగునేలపైననే ఒక గొప్ప ఉదాహరణము కలదు. హైదరాబాదు సంస్థానమున ఉర్దూ మాధ్యమముగ ఒక విశ్వవిద్యాలయము నెలకొల్పవలెనని 1917లో అక్బరు హైదరీ నిజాము ప్రభువునకు నివేదన సమర్పించెను. ఫర్మానా వెలువడినది. ఇక్కడ గమనింపవలసినది పనుల వరుస. భవనములకు శంకుస్థాపన జరుగకముందే, తరగతులు తెరువకముందే, అదే సంవత్సరమున అనువాదశాఖను స్థాపించిరి. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి నిర్వాహకుడు. చరిత్ర, తర్కము, గణితము, రసాయనము, భౌతికము మొదలగు శాస్త్రములను ఉర్దూలోనికి తెచ్చుటకు అనువాదకులను కూర్చిరి. పారిభాషిక పదములను నిర్ణయించుటకు సంఘములు కూర్చున్నవి. ఒక్కొక్క పదమునకై శాస్త్రజ్ఞుడును భాషావేత్తయు వాదులాడుకొనిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఏర్పడి, 1919లో తరగతులు తెరచునప్పటికి విద్యార్థి చేతికీయదగిన పుస్తకము సిద్ధమగుచుండెను. ఇంగ్లీషును విడువక తప్పనిసరి పాఠ్యాంశముగ నుంచిరి. రానురాను వైద్యము, ఇంజనీరింగు కూడ ఉర్దూలో బోధించిరి. వందల గ్రంథములు వెలువడినవి.

అయినను ఆ సన్నాహమునందొక పెద్ద లోటు కలదు. అందులో గ్రంథములున్నవి, పదములున్నవి. సంస్థానమందలి ప్రజలలో అధికసంఖ్యాకుల మాతృభాషలైన తెలుగు, మరాఠీ, కన్నడములకు మాత్రము మాధ్యమముగ చోటు లేదు. భాష విషయమున అంత దూరదృష్టి చూపిన మేధావులు ఆ భాష తెలియని ఇండ్లనుండి వచ్చు పిల్లల విషయమున అంత దూరము చూడలేదు. 1948లో సంస్థానము భారతదేశమున విలీనమైన పిదప మాధ్యమము ఇంగ్లీషునకు మారినది. ఈసారి ముందుగ అనువాదశాఖ వంటిదేదియు లేదు. నిన్నటివరకు ఉర్దూలో పాఠము చెప్పిన ఆచార్యుడు నేడు ఇంగ్లీషులో చెప్పవలసివచ్చెను. మూడు దశాబ్దముల శ్రమ గ్రంథాలయపు అరలకు పరిమితమైనది. ఒకే విశ్వవిద్యాలయము, రెండు మార్పులు. మొదటిదానికి సన్నాహము కలదు, రెండవదానికి లేదు.

ఇంకొక ఉదాహరణము ఈ సభలోని పలువురకు స్వానుభవమునకు దగ్గరైనది. పగలు కార్యాలయమున పనిచేసి రాత్రులు చదువుకొన దలచినవారికై ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లో ఉత్తరముల ద్వారా బోధించు పద్ధతిని ప్రారంభించినది. గుమాస్తాగ చేరి, తపాలాలో వచ్చిన పాఠములు చదివి పట్టభద్రులై పై పదవులకెక్కినవారు రాజధానిలో కొల్లలు. ఇరువది సంవత్సరముల పిమ్మట, 1982లో, హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. దేశమున సార్వత్రిక విశ్వవిద్యాలయములలో ఇదియే మొదటిది. పిదప దీనికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టిరి. తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి. 1985లో ఇందిరాగాంధి జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినపుడు దానికిని ఆయనయే తొలి ఉపకులపతి.

ఆ సంస్థ చేసిన సాహసము సామాన్యమైనది కాదు. పాఠశాల మెట్టు ఎక్కనివారు సహితము ఒక అర్హతపరీక్షలో నెగ్గినచో పట్టపు చదువునకు చేరవచ్చునన్నారు. పెద్దల కనుబొమలు ముడివడినవి. ప్రమాణములు పడిపోవునన్నవారు కొందరు. నిజమైన చిక్కు మాత్రము వేరొకచోట నుండెను. ముప్పది ఏండ్లు తరగతిలో నిలుచుండి పాఠము చెప్పిన ఆచార్యునకు ఎదుట విద్యార్థి లేనిచో కలము సాగదు. తరగతిలో ఒక ముఖము చిట్లినచో మరియొకసారి విప్పి చెప్పును. కాగితముపై ఆ ముఖమేది? పొలము పని ముగించుకొని దీపము ముందు ఒంటరిగ కూర్చున్న మనుష్యుడు ఎక్కడ తడబడునో ముందే ఊహించి వ్రాయవలెను. ఒక్కరు వ్రాసిన పాఠమును మరియొకరు సవరింపవలెను. పేరుపొందిన ఆచార్యులు తమ వ్రాత దిద్దబడుటకు ఒప్పుకొనవలెను. విశ్వవిద్యాలయములలో ఇంతకంటె కష్టమైన సంస్కరణ మరియొకటి లేదు. ఉన్న కళాశాలలలోనే అధ్యయనకేంద్రములు పెట్టి, సెలవుదినములలో అక్కడి అధ్యాపకులచేతనే సందేహములు తీర్పించిరి. ఆకాశవాణిని కూడ వాడుకొనిరి. తెలుగులో పాఠములు సిద్ధపరచుటకు, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ అంతకుముందే నిర్ణయించిన పరిభాష అక్కరకు వచ్చినది. క్రొత్తగా కొన్న యంత్రము ఇందులో చాల కొద్ది. మారినది పని చేయు తీరు. అందుకు మనుష్యులను కూర్చుండబెట్టి నేర్పిరి.

ఇక దీనికి విరుద్ధమైన కథ. ముంబయి విశ్వవిద్యాలయము దేశమందలి మూడు ప్రాచీన విశ్వవిద్యాలయములలో నొకటి. 2017 వేసవి పరీక్షల జవాబుపత్రములు రమారమి 17 లక్షలు. వానినన్నిటిని స్కాన్ చేసి, అధ్యాపకులచేత కంప్యూటరు తెరమీద దిద్దింపవలెనని నిర్ణయించిరి. ఉద్దేశము మంచిదే. కాగితపు కట్టలు ఊరూర తిరుగనక్కరలేదు. కూడికలో పొరపాటు రాదు. ఎవరెన్ని దిద్దిరో వెంటనే తెలియును. కాని గుత్త ఖాయమైనది పరీక్షల కాలములోనే. ఒక్క శాఖలో నైనను ఒక యేడు నడపి చూడక, అన్ని శాఖలకును ఒక్కసారిగ ప్రవేశపెట్టిరి. అధ్యాపకులలో చాలమందికి అది అలవాటు లేని పని. స్కాన్ చేసిన పత్రములలో కొన్ని కలగాపులగమైనవి. కొన్నింటి జాడయే తెలియలేదు. జూలై 31లోగా ఫలితములన్నియు ప్రకటింపవలెనని కులపతి హోదాలో మహారాష్ట్ర గవర్నరు, తెలుగువారైన చెన్నమనేని విద్యాసాగరరావు గడువు విధించిరి. గడువు దాటినది. ఫలితములు ముగియునప్పటికి సెప్టెంబరు వచ్చినది. అక్టోబరులో ఉపకులపతిని పదవినుండి తొలగించిరి. పై చదువులకు దరఖాస్తు చేసికొన్న విద్యార్థులకు నడచిపోయిన గడువులను మాత్రము ఏ ఉత్తరువును తిరిగి తేలేదు.

నేరము యంత్రముదని చెప్పుట సులభము. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడినపుడు ఒక విద్యార్థినికి తెలుగులో సున్న మార్కులు వచ్చినట్లుండెను. తిరిగి చూడగా అవి 99. దిద్దినవారు గుండ్రములు నింపుటలో పొరపడిరి; సరిచూడవలసినవారు చూడలేదు; యంత్రము తనకిచ్చినదానిని నమ్మకముగ చదివినది. పూర్వము చేతితో పట్టిక వ్రాయు గుమాస్తా తక్కిన పాఠ్యాంశములలో మంచి మార్కులున్న బాలికకు మాతృభాషలో సున్న యెట్లు వచ్చెనని కలమాపి, పై అధికారి బల్ల వద్దకు వెళ్ళియుండును. ఆ అనుమానమే అతని విద్య. పని యంత్రమునకు అప్పగించినపుడు ఆ అనుమానమునకు కూడ ఒక చోటు, ఒక వేళ, ఒక బాధ్యుడు ఏర్పడవలెను. పరీక్ష తప్పితిమనుకొన్న పిల్లల ఇండ్లలో ఆ వారము ఏమి జరిగినదో పత్రికలు చదివినవారికి తెలియును. ఇది గణకయంత్రముల చర్చ కాదు, ప్రాణముల చర్చ.

బ్యాంకుల సంగతి ఇందుకు పోల్చి చూడదగినది. యంత్రీకరణమునకు ఉద్యోగసంఘములు గట్టిగ ఎదురు నిలిచిన రోజులవి. 1983లో యాజమాన్యముల సంఘమును ఉద్యోగసంఘములును ఒక్కచోట కూర్చుండి, ఏ యంత్రములను ఎంతవరకు ప్రవేశపెట్టవచ్చునో వ్రాతమూలకముగ ఒప్పందము చేసికొనిరి. ఆ పిమ్మట రంగరాజన్ సంఘము 1984లో ఒక నివేదికయు, కొన్నేండ్లకు మరియొకటియు సమర్పించినది. మెల్లగనే సాగిరి, సాగినంతమేర వెనుకకు రాలేదు. విశ్వవిద్యాలయములలో ఇట్టి ఒప్పందమునకు కూర్చుండు బల్లయే సాధారణముగ కనబడదు. పాలకమండలిలో ఆచార్యులకు చోటున్నది. పరీక్షావిభాగపు పర్యవేక్షకునకు, గ్రంథాలయ సహాయకునకు అట్టి చోటు అరుదు. ఏటేట ఒప్పందము పొడిగింపబడునో లేదో తెలియక పనిచేయు తాత్కాలిక అధ్యాపకుని సంగతి చెప్పనే వలదు. వచ్చే యేడు తానుండునో లేదో తెలియనివాడు ఐదేండ్ల ప్రణాళికకై శిక్షణ ఎందుకు పొందును?

వ్యవస్థలో వచ్చు మార్పులు యంత్రముల మార్పులకు తీసిపోవు. ఢిల్లీలో 2013లో నాలుగేండ్ల పట్టపు చదువు ప్రవేశపెట్టి, 2014 జూనులో ఉపసంహరించిరి. నడుమ చేరిన విద్యార్థులు మధ్యదారిలో మార్గము మార్చుకొనవలసివచ్చెను. 2022లో నాలుగేండ్ల చదువు తిరిగి వచ్చినది. 2020 మార్చిలో మహమ్మారి మూలమున తలుపులు మూతపడినపుడు, ఒక్క దినమైనను శిక్షణ లేని అధ్యాపకులు చేతిఫోనులో పాఠములు చెప్పిరి. వారిని మెచ్చుకొనవలసినదే. కాని ఆ అత్యవసరపు ఏర్పాటునే ఆధునికత యని భావించి శిక్షణను వాయిదా వేయుట తగదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట, ఇంటివద్ద వ్రాసి తెమ్మను వ్యాసములకు విలువ యేమి అన్న ప్రశ్న ప్రతి విభాగమునకు వచ్చినది. నిషేధపు ప్రకటన అంటించుట ఒక గంట పని. ప్రశ్నాపత్రము కూర్చు విధానమునే మార్చుకొనుట, ఎదుట కూర్చుండబెట్టి నోటితో అడిగి తెలిసికొనుట ఏండ్ల పని. ఒక్కొక్క తరగతిలో వందమంది ఉన్నచోట ఆ రెండవదానికి తీరిక యెక్కడిదన్నది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు అధ్యాపకులను నియమించుటలోనే యున్నది.

చిన్నదిగ కనబడు ఒక విషయము. 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అను ఏర్పాటు వచ్చినది. విద్యార్థి ఒకచోట గడించిన అర్హతాంకములు అతని పేర నిలువయుండి, వేరొకచోట చెల్లును. బాగుగనే యున్నది. కాని “అతని పేర” అన్నచోటనే తెలుగువారికి చిక్కు. మనకు ఇంటిపేరు ముందు. అదియు పట్టములో ఒక్క పొడియక్షరము. ఆధారులో ఇంటిపేరు పూర్తిగ నుండును, పాస్‌పోర్టులో వెనుకకు పోవును. “రావు” అన్నది ఇంటిపేరని తలచి ఒకే గదిలో నలుగురను అన్నదమ్ములుగ భావించిన అధికారులు ఢిల్లీలో లేకపోలేదు. మనుష్యుడైనచో నవ్వి సరిపెట్టుకొనును. కంప్యూటరు రెండు పేర్లు రెండు మనుష్యులనును. ఆ గడులు రూపొందించునపుడు నమోదు విభాగమున పనిచేసిన ఒక తెలుగు గుమాస్తాను అడిగియున్నచో, ఒక్క పూటలో తేలు సంగతి ఇది.

1926 ఏప్రిల్‌లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు 2026 ఏప్రిల్ నూరేండ్ల గడి. అంతటి సంస్థలలో పాత పట్టికలను యంత్రములోనికి ఎక్కించుట ఇప్పుడు పెద్ద పని. వెలిసిన సిరా, నాటి గొలుసుకట్టు వ్రాత, ఎఱ్ఱసిరాతో కొట్టివేసి ప్రక్కన వేసిన పొడిసంతకము. ఆ సవరణ ఏ నియమము క్రింద జరిగినదో కాగితముపై వ్రాసియుండదు. దానిని చూచినంతనే చెప్పగల ఉద్యోగులు ఏటేట పదవీవిరమణ చేయుచున్నారు. వారిలో కొందరను పిలిచి, కీబోర్డు ముందున్న యువకుల ప్రక్కన కూర్చుండబెట్టుటకు గొప్ప ప్రణాళిక యేదియు అక్కరలేదు. ఒక ఉత్తరువు, రెండు కుర్చీలు, కొంత గౌరవవేతనము చాలును. ఆ ఉత్తరువు వారింకను కండ్లద్దములు పెట్టుకొని చదువగలిగి యుండగనే వెలువడవలెను.