ఇంటి పనిశాల ఎంత ఉండాలి?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు నన్ను బడి జ్ఞాపకాలు చెప్పమన్నారు. అవి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను 30 ఏళ్లు ఐటీఐ పిల్లలకు ఫిట్టర్ పని నేర్పినవాణ్ని. అందుకని నా పనికి సంబంధించిన మాట ఒకటి చెప్పి కూర్చుంటాను. ఈ మధ్య ఊళ్లోకి వస్తే చాలు, ఎవరో ఒకరు అడుగుతున్నారు: "సార్, ఇంటి దగ్గర షెడ్డు వేసుకుందామనుకుంటున్న. ఎంత జాగా అయితే సరిపోతది?"

అడిగేవాళ్లు రెండు రకాలు. రిటైరై వచ్చి, కారు తుడుచుకుంటూ, నాలుగు కుర్చీలు చేసుకుంటూ పొద్దు పుచ్చుదామనుకునే నా ఈడు వాళ్లు మొదటి రకం. ఆ షెడ్డు మీదే బతుకు కట్టుకోవాలనుకునే పిల్లలు రెండో రకం. మొదటివాళ్ల లెక్క తప్పితే కొంత డబ్బు పోతుంది. రెండోవాళ్ల లెక్క తప్పితే ఇల్లే కుంగిపోతుంది. నా మాటలు ముఖ్యంగా వాళ్ల కోసం.

ఇంటినే పనిశాలగా చేసుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. కమ్మరి కొలిమి, వడ్రంగి చెట్టు కింది దుంగ, కుమ్మరి వాము, సాలెవారి మగ్గం గుంట, అన్నీ ఇంటి ముందో ఇంటిలోనో ఉండేవి. అందులో కొలతల పాఠం నేర్చుకోవాలంటే చేనేత ఇంటికే పోవాలి. పోచంపల్లి వైపు గుంట మగ్గం ఉన్న అర్రను ఒకసారి చూడండి. మగ్గం ఎంతో అర్ర అంత. నేసే మనిషి కాళ్లు గుంటలోకి పెట్టి నేల మట్టానికి కూర్చుంటాడు కాబట్టి ఎత్తు కూడా ఎక్కువ అడగడు. మరి గజాల కొద్దీ పొడుగుండే పడుగు సంగతేమిటి? దాన్ని సాగదీసి సరిచేయడానికి పాతకాలపు నేతగాడు పెద్ద ఇల్లు కట్టలేదు. పొద్దున్నే వీధిలో, చెట్ల నీడన సాగదీసి పని కానిచ్చాడు.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది అంతా ఇందులోనే ఉంది. రోజూ చేసే పనికి గది కట్టండి. ఎప్పుడో ఒకసారి వచ్చే పొడుగు పనికి వాకిలి ఉంచండి.

మన పాత నల్లగొండ జిల్లా మనిషే, ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం కథ మీకు తెలుసు. చీరకు ఆసు పోయాలంటే వాళ్లమ్మ లక్ష్మమ్మ చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాల్సి వచ్చేది. ఆ భుజం నొప్పి చూడలేక, బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన ఆ కొడుకు ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది. పనిముట్లు చేసేవాడిగా నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ యంత్రం నేతగాడి ఇంట్లోనే ఇమిడిపోతుంది. దాని కోసం వేరే షెడ్డు కట్టాల్సి వస్తే ఎన్ని ఇళ్లకు చేరేది? పని జరిగే చోటు కూడా యంత్రంలో ఒక భాగమే.

ఇక లెక్కల్లోకి వద్దాం. ముందు పట్టుకోవాల్సింది మీ పనిలో వచ్చే అతి పెద్ద వస్తువు. దాని పొడుగు, వెడల్పు రాసుకోండి. దాని చుట్టూ మనిషి వంగి, కూర్చుని, లేచి తిరగడానికి 3 అడుగులు కలపండి. ఆ తర్వాత పనిబల్లకు 2 అడుగులు. ఇంతే సూత్రం.

మోటార్ సైకిల్ మెకానిక్‌ను తీసుకోండి. బండి పొడుగు సుమారు ఆరున్నర అడుగులు, హ్యాండిల్ దగ్గర వెడల్పు రెండున్నర. ముందూ వెనకా మూడేసి కలిపితే పన్నెండున్నర. పక్కలకు మూడేసి, గోడకు బల్ల కలిపితే పదిన్నర. అంటే ఒక బండి విప్పి పెట్టుకోవడానికి 11 అడుగులు, 13 అడుగులు ఉంటే హాయిగా సరిపోతుంది. అంతా కలిపి 16 గజాలు. వచ్చిన మిగతా బండ్లు వాకిట్లో రేకు నీడన నిలబడతాయి. నిలబడ్డ బండికి గోడలు అక్కర్లేదు.

కారు సంగతి. మన దేశంలో 4 మీటర్ల లోపు కార్లకు పన్ను తక్కువ కాబట్టి చాలా కంపెనీల చిన్న కార్లు ఆ కొలత లోపలే ఉంటాయి. 4 మీటర్లంటే 13 అడుగులు. బానెట్ ముందు 3 అడుగులు, బల్లకు 2, వెనక డిక్కీ తీయడానికి 2 కలిపితే 20. వెడల్పు 6 అడుగుల లోపే, తలుపులు తెరవడానికి అటూ ఇటూ మూడేసి కలిపితే 12. కాబట్టి సొంత కారు చూసుకోవాలనుకునే రిటైర్డ్ మిత్రులకు 12 అడుగులు, 20 అడుగులు. సుమారు 27 గజాలు. 100 గజాల ప్లాటులో నాలుగో వంతుకు పైగా దానికే పోతుంది. ఇంటావిడను అడిగి నిర్ణయించండి.

వడ్రంగం కొంచెం చిక్కు. ప్లైవుడ్ షీటు 8 అడుగులు, 4 అడుగులు. దాన్ని కోత మిషను మీద పొడుగునా తోయాలంటే రంపానికి ఇవతల 8, అవతల 8, మధ్యలో మిషను బల్ల 3 కావాలి. అంటే 19 అడుగులు. అంత పొడుగు షెడ్డు అవసరమా? అక్కర్లేదు. మిషనును తలుపుకు ఎదురుగా పెట్టండి. వెనక గోడలో అదే వరుసలో ఒక కిటికీ, రంపం బల్ల ఎత్తుకు. షీటు తలుపులోంచి లోపలికి వస్తుంది, కిటికీలోంచి బయటికి పోతుంది. అప్పుడు 12 అడుగుల గదిలో 19 అడుగుల పని జరుగుతుంది.

వెల్డింగుకు ఇంకా సులువు. ఇనుప పైపు 20 అడుగుల పొడుగు వస్తుంది. దాన్ని వాకిట్లోనే కోసుకోవాలి. గేటు అతికేది కూడా ఆరుబయటే మేలు, పొగ పోతుంది. గదిలో ఉండాల్సింది మిషను, రాడ్లు, డ్రిల్లు, తాళం. దానికి 8 అడుగులు, 10 అడుగులు చాలు. కుట్టు పని చేసే మన ఆడపిల్లలకు కూడా ఇదే గది చాలు. మిషను కంటే కత్తిరించే బల్లకే ఎక్కువ చోటు ఇవ్వండి, నడుం ఎత్తున, మూడు వైపులా తిరిగేలా.

కాగితం మీద గీస్తే ఇవన్నీ అర్థం కావు. నేను పిల్లలతో చేయించేది ఒకటే. వాకిట్లో ముగ్గుపిండితో ఆ కొలత గీయండి. బల్ల ఉండే చోట మంచం వాల్చండి. బండి తెచ్చి మధ్యలో పెట్టండి. తలుపు ఉండే చోట రెండు ఇటుకలు. వారం రోజులు ఆ గీతల లోపలే పని చేయండి. ఎన్నిసార్లు గీత దాటారో, ఏ మూల అసలు కాలు పెట్టలేదో మీకే తెలుస్తుంది. పావలా ముగ్గుపిండి లక్ష రూపాయల గోడను కాపాడుతుంది.

మరి ఎత్తు? పొడుగు వెడల్పులు లెక్కపెట్టినవాళ్లు దీన్ని మరిచిపోతారు. 8 అడుగుల షీటును నిలబెట్టి తిప్పాలంటే పైన జాగా ఉండాలి. అంతకన్నా ముఖ్యం, మన ఎండ. మే నెలలో నల్లగొండ రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం నిలబడ్డవాళ్లకు నేను చెప్పేదేముంది? ఒక వైపు 12 అడుగులు, వాన నీరు జారే వైపు 10 అడుగులు పెట్టండి. ఎత్తు వైపు గోడకు, రేకుకు మధ్య జానెడు సందు వదిలి జాలీ కొట్టండి. వేడి గాలి పైకి పోతుంది. పొడుగు తగ్గించి అయినా ఎత్తు పెంచుకోండి.

వెలుతురు మాట చెప్పేటప్పుడు మన ఊరి గుడి గుర్తుకు రాక మానదు. ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి లింగం వెనక స్తంభం నీడ రోజంతా కదలకుండా నిలబడుతుంది. కందూరు చోళుల నాటి శిల్పులు వెలుతురు ఎటు నుంచి ఎంత రావాలో లెక్క కట్టి రాళ్లు నిలబెట్టారు. దేశదేశాల వాళ్లు వచ్చి చూసి పోతారు. గుడిలో ఆ నీడ అద్భుతం. పనిబల్ల మీద నీడ మాత్రం వేలికి ముప్పు. కిటికీ మీ వీపు వెనక ఉంటే మీ నీడే మీ పని మీద పడుతుంది. బల్లను కిటికీ కిందనే వేయండి, వీలైతే ఉత్తరం వైపు కిటికీకి. రోజంతా ఎండ పొడ లేని వెలుతురు వస్తుంది.

ఇప్పుడు ప్రాణానికి సంబంధించిన మాట. ఇంటికి ఆనించి కట్టే షెడ్డులో పెట్రోలు, వంటింటి సిలిండరు, వెల్డింగు నిప్పురవ్వ ఒకే గాలిలో ఉండకూడదు. వంటింటి గోడకు ఆనించి షెడ్డు వేయకండి. ఎదురెదురుగా రెండు తెరుపులు లేకుండా ఏ గదిలోనూ ఇంజను నడపకండి. షట్టరు దించి బండి గానీ జనరేటరు గానీ నడిపితే వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, రంగు ఉండదు. మత్తుగా ఉందనుకునేలోపు మనిషి పడిపోతాడు. జాగా తక్కువైతే సర్దుకోవచ్చు, గాలి తక్కువైతే సర్దుకోలేం.

చివరగా డబ్బు. నా దగ్గర చదువుకున్న ఇద్దరి సంగతి చెబుతాను, పేర్లు వద్దు. ఒకడు వడ్డీకి తెచ్చి 20 అడుగులు, 30 అడుగుల షెడ్డు వేశాడు. పెద్ద షట్టరు, ముందు బోర్డు. లోపల చూస్తే పాత స్పానర్ల సెట్టు ఒకటి. పనిముట్లు లేక పెద్ద పనులు వెనక్కి పోయాయి, వడ్డీ మాత్రం ఆగలేదు. రెండేళ్లకు షట్టరు దించి హైదరాబాద్‌లో డ్రైవరుగా చేరాడు. ఇంకొకడు వడ్రంగి. ఉన్నది 8 అడుగులు, 8 అడుగుల కొట్టు. పొద్దున సామాను బయటికి మోయడానికి గంట, సాయంత్రం లోపలికి సర్దడానికి గంట. ఆ ఇరుకులోనే ఒకరోజు మోచెయ్యి గోడకు తగిలి ఉలి జారింది, ఎడమ బొటనవేలి నరం తెగింది. జాగా పెద్దదైతే అప్పు నలుపుతుంది, చిన్నదైతే ఒళ్లు నలుగుతుంది. అందుకే కొలత కావాలి.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, దర్జీ మొదలైన 18 వృత్తుల వారికి పనిముట్ల కోసం 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల దాకా రుణం పెట్టారు. ఆ మొదటి లక్షను గోడల్లో పోయకండి. నా లెక్క ఇది: చేతిలో ఉన్న మూడు రూపాయల్లో ఒక రూపాయి నీడకు, ఒకటి పనిముట్లకు, ఒకటి మొదటి ఆరు నెలల సరుకుకు, ఇంటి ఖర్చుకు. మూడు వైపులే గోడ కట్టి నాలుగో వైపు రేకు బిగించండి. పని పెరిగితే రేకు విప్పి ముందుకు జరపొచ్చు. గోడను జరపలేం.

సంఘం పెద్దలకు ఒక మనవి చేసి ముగిస్తాను. ఇంటి షెడ్డు ఎంత ఉండాలన్నది ఊళ్లో ఇంకేం ఉందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. పెద్ద డ్రిల్లు, ఇనుము కోసే మిషను, ప్లైవుడ్ కోసే బల్ల ఒక్కొక్కరికి నెలలో రెండు మూడు రోజులే కావాలి. వాటి కోసమే ప్రతివాడూ పెద్ద షెడ్డు, పెద్ద అప్పు ఎత్తుకుంటున్నాడు. స్వర్ణోత్సవ నిధితో ఏం కట్టాలని మీరు చర్చిస్తున్నారు. స్వాగత తోరణం అని కొందరు, సభావేదిక అని కొందరు అంటున్నారు. నా ఓటు బడి వెనక జాగాలో 20 అడుగులు, 30 అడుగుల ఉమ్మడి పనిశాలకు. పగలు పిల్లలు సుత్తి పట్టడం నేర్చుకుంటారు, సాయంత్రం ఊరి పనివాళ్లు తక్కువ కిరాయికి మిషన్లు వాడుకుంటారు. రిటైరైన ఇంజినీర్లు, మెకానిక్కులు మనలో కావలసినంత మంది ఉన్నారు, వంతులవారీగా కూర్చోవచ్చు. అది ఒక్కటి ఉంటే మన పిల్లల ఇళ్ల దగ్గర 16 గజాల షెడ్డు చాలు. మిగిలిన జాగాలో ఇల్లు ఊపిరి పీల్చుకుంటుంది.

రేపు ఉదయం ఎవరైనా కొలతలు వేయించుకోవాలంటే టేపు నేను తెస్తాను, ముగ్గుపిండి మీరు తెచ్చుకోండి.