ట్యాగ్ నుంచి ట్యాకిల్ దాకా: పిల్లల్ని పై జట్టుకి పంపేముందు

(ఖురం, మస్కట్ - రేడియో ప్రసంగ పాఠం)



మన తెలుగు ఇళ్ళల్లో పిల్లల ఆట అనగానే క్రికెట్, కాకపోతే షటిల్. కానీ మస్కట్ లో రకరకాల దేశాల పిల్లలతో కలిసి చదివే మన పిల్లలు కోడిగుడ్డు ఆకారం బంతి పట్టుకుని ఇంటికి వస్తున్నారు. రెండేళ్ళు సరదాగా ఆడతారు. ఆ తర్వాత ఒకరోజు, "అమ్మా, వచ్చే సీజన్ నుంచి నేను అండర్ నైన్" అంటారు. అదేదో తరగతి మారినట్లేగా అనుకుంటాం. నిజానికి అక్కడ మారేది తరగతి కాదండీ, ఆటే మారిపోతుంది. ఈరోజు ఆ సంగతి చెప్పుకుందాం.

ముందు లెక్క చూద్దాం. ఇంగ్లండ్ నియమావళి ప్రకారం అండర్ 7, అండర్ 8 పిల్లలది ట్యాగ్ రగ్బీ. నడుముకి కట్టుకున్న బెల్టు నుంచి రిబ్బను లాగితే చాలు, మనిషిని పట్టుకోవడం ఉండదు. అండర్ 9 లో ట్యాకిల్ మొదలవుతుంది, అంటే చేతులతో చుట్టి పట్టి కింద పడేయడం. అండర్ 10 నుంచి బంతి కూడా 3వ సైజు నుంచి 4వ సైజుకి పెరుగుతుంది. మీ క్లబ్బు ఏ నియమావళి పాటిస్తుందో కోచ్ ని అడిగి తెలుసుకోండి.

వయసు లెక్కలో ఇంకో మెలిక ఉంది. ఇక్కడి ఇండియన్ స్కూళ్ళలో తరగతి ఏప్రిల్ లో మారుతుంది. ఇంగ్లండ్ రగ్బీ లెక్కకి సెప్టెంబరు 1 గీటురాయి. ఆగస్టు చివర్లో పుట్టిన పిల్లవాడు తన జట్టులో అందరికంటే చిన్నవాడు. సెప్టెంబరు మొదట్లో పుట్టినవాడు ఇంచుమించు ఏడాది పెద్ద. ఎనిమిదేళ్ళ వయసులో ఏడాది తేడా అంటే మాటలు కాదు. మీవాడు వెనకబడుతున్నాడనిపిస్తే ముందు పుట్టినరోజు చూడండి, తర్వాత వాడి ఆట చూడండి. అలాగే "మావాడు బాగా ఎదిగాడు, ఒక మెట్టు ముందే ఎక్కించండి" అని కోచ్ ని తొందరపెట్టకండి. ఒళ్ళు ఎదిగినంత మాత్రాన పడటం, పట్టడం వచ్చేసినట్లు కాదు.

మరి ఎలా సిద్ధం చేయాలి? మనకి కబడ్డీ ఉంది కదా! కూతకు వచ్చినవాడి తొడలు చుట్టి పట్టేవాడు తల ఎక్కడ పెడతాడో గుర్తు చేసుకోండి. రగ్బీలోనూ అసలు కిటుకు అదే. పడగొట్టేవాడి తల ఎదుటివాడి ముందు ఉండకూడదు, పక్కకో వెనక్కో ఉండాలి. వీపు వంచకుండా మోకాళ్ళు వంచాలి, కళ్ళు తెరిచి ఉంచాలి, చేతులతో గట్టిగా చుట్టాలి. ఇంగ్లండ్ లో 2023 జులై నుంచి క్లబ్బు, స్కూలు ఆటల్లో ట్యాకిల్ రొమ్ము ఎముక కింది అంచుకి మించి పైన ఉండకూడదని నియమం పెట్టారు. తలకీ తలకీ దూరం పెంచడమే దాని ఉద్దేశం.

పడటం నేర్పడానికి ఖురం బీచిని మించిన బడి లేదు. ఆటు సమయంలో, తడి ఇసుక బయటపడి కుర్రాళ్ళు ఫుట్ బాల్ ఆడుకునే వేళ, మీరూ బంతి తీసుకుని వెళ్ళండి. మొదట మోకాళ్ళ మీద కూర్చుని పక్కకి దొర్లడం. తర్వాత నడుస్తూ, ఆ తర్వాత మెల్లగా పరిగెడుతూ. గడ్డం ఛాతీకి ఆనించి పడాలి, చెయ్యి చాపి నేలకి ఆనించకూడదు. వేసవిలో మాత్రం ఎండ దిగాకే. ఒమన్ లో జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట పనే నిషేధం. పెద్దలకే లేని పని పిల్లలకెందుకు? సెలవులకి ఇండియా వెళ్ళేవాళ్ళు తాతగారి ఊళ్ళో పెరటి మట్టి మీద ఇదే సాధన చేయించవచ్చు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట తల గురించి. 2011లో ఉత్తర ఐర్లండ్ లో 14 ఏళ్ళ పిల్లవాడు ఒకే మ్యాచ్ లో పలుమార్లు తలకి దెబ్బ తగిలినా ఆట కొనసాగించి ప్రాణం పోగొట్టుకున్నాడు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగలడం ఎంత ప్రమాదమో ఆ కుటుంబం వల్ల లోకానికి తెలిసింది. అందుకే, స్పృహ తప్పకపోయినా సరే, తల తిరగడం, వాంతి, తలనొప్పి, అయోమయం, అడిగినదానికి పొంతనలేని జవాబు, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆట ఆపించి డాక్టరుకి చూపించాలి. అనుమానం ఉన్నా చాలు, ఆ రోజుకి ఆట లేదు. బ్రిటన్ 2023లో ఇచ్చిన సూచనల ప్రకారం 21 రోజుల లోపు మళ్ళీ పోటీలో ఆడకూడదు. ఫైనల్ మ్యాచ్ ఉందని మినహాయింపు లేదు.

చాలామంది తల్లిదండ్రులు మెత్తటి టోపీ కొనిచ్చి నిశ్చింతగా ఉంటారు. అది చెవులకీ గీతలకీ రక్షణ, అంతే. లోపల మెదడు కదలడాన్ని ఆపదు. పళ్ళకి మౌత్ గార్డ్ మాత్రం తప్పకుండా కొనండి.

కోచ్ ని మూడు ప్రశ్నలు అడగండి. ట్యాకిల్ నేర్పడానికి ఎన్ని వారాలు కేటాయిస్తారు? సాధనలో పిల్లల్ని ఒడ్డూ పొడుగూ చూసి జత చేస్తారా? తలకి దెబ్బ తగిలితే ఆట ఆపే నిర్ణయం ఎవరిది? సూటిగా జవాబిచ్చే కోచ్ దగ్గర పిల్లవాణ్ణి ధైర్యంగా వదలవచ్చు. తడబడితే ఇంకో నెల ఆగినా నష్టం లేదు.

ఆఖరి ప్రశ్న మీవాణ్ణి అడగవలసినది. "నీకు భయంగా ఉందా?" అని కాకుండా, "నీకు ఇది ఆడాలని ఉందా?" అని అడగండి. భయం అందరికీ ఉంటుంది, సాధనతో తగ్గుతుంది. ఇష్టం లేకపోతే మాత్రం ఏ సాధనా పనిచేయదు. వద్దంటే, ఈ ఏడు వద్దులే నాన్నా అనండి. ట్యాగ్, టచ్ రగ్బీ పెద్దవాళ్ళు కూడా ఆడే ఆటలే. ఆడతానంటే, గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టండి. "పడెయ్, పడెయ్" అని అరిచే పని మనకి వద్దు.

అమ్మాయిల తల్లిదండ్రులకీ ఇదంతా అక్షరాలా వర్తిస్తుందని మనవి చేస్తూ, సెలవు తీసుకుంటున్నాను.