తాతలనాటి తుపాకి



ఉగాది పచ్చడి తిన్న నోటితో తుపాకుల మాటేమిటని కొందరు నవ్వుతున్నారు. కాని నిజామాబాదు, ఆదిలాబాదు వైపులనుండి వచ్చి యీ నాందేడులో స్థిరపడిన మనవారిలో, తాతలనాటి తుపాకి గల కుటుంబాలు కొన్ని ఉన్నవి. "దీనికేమైనా వస్తుందా?" అని మమ్మడిగేవారున్నారు. పార్సెళ్లమీది గుర్తులు చదవటం మా ఉద్యోగం. తుపాకులమీది గుర్తులు చదవటం మా వేడుక. కనుక తెలిసినంతవరకు మనవి చేస్తాము.

మొదట, మందు ఎటునుండి వేస్తారో చూడవలెను. మూతినుండి దట్టించేది భర్మారు. మన సచ్‌ఖండ్ గురుద్వారాలో భద్రపరచిన ఆయుధాలలోని ఒత్తి తుపాకి ఆ జాతిదే. వెనుకనుండి తూటా వేసేవి బ్రిటిషు సైన్యంలో 1866లో స్నైడరు, 1871లో మార్టిని హెన్రీ. ఆ తరువాతిది అందరూ విన్న లీ ఎన్‌ఫీల్డు, అనగా త్రీ నాట్ త్రీ. దాని భుజానికి ఆన్చే కర్ర ఇనుములో దూరేచోట, కుడివైపున, కిరీటం, రాజుగారి పొడి అక్షరాలు, కర్మాగారం పేరు, సంవత్సరం కొట్టి ఉంటవి. ఇషాపూరులో చేసినదైతే ఆ అక్షరాలు జీ.ఆర్.ఐ.; గణతంత్రం వచ్చిన పిమ్మట కిరీటం పోయి అశోకుని సింహాలు వచ్చినవి. పెషావరు దగ్గరి దర్రా ఆదంఖేల్‌లో చేసిన నకిలీలలో ఇంగ్లీషు 'ఎన్' తిరగబడి ఉండటం కద్దు. పనితనం చక్కనిదే, అక్షరం పట్టిచ్చింది!

వేట రైఫిళ్లకు గొట్టంమీద కంపెనీ పేరు, దాని అడుగున లండను లేక బర్మింగుహాము పరీక్షాశాల ముద్ర ఉంటవి. "నైట్రో ప్రూఫ్" ముద్ర లేనిదానిలో నేటి తూటా వేస్తే గొట్టం పగలవచ్చును. వెస్ట్లీ రిచర్డ్సు, హాలండ్ అండ్ హాలండ్ వంటి కంపెనీలకు నంబరు వ్రాసి పంపితే పాత లెడ్జర్లు తిరగవేసి దాని పుట్టుక చెప్పగలవు. మా దృష్టిలో ఆ జవాబు కాగితమే సగం వెల.

పాతదైనంతమాత్రాన ధర పలకదు. 1972 చట్టంతో వేట పోయినది. త్రీ నాట్ త్రీ పౌరులకు నిషిద్ధ బోరు. అదే అచ్చున ఇషాపూరువారు చేసిన.315 కాదు. కొనదగినవారుంటేనే గదా బేరం!

మా మిత్రులొకరు కూతురు పెండ్లికి పనికివస్తుందని, చనిపోయిన తండ్రిగారి వేట రైఫిలును గరుకు కాగితంతో రుద్ది, నూనె పట్టించి, అద్దంలా మెరిపించి మమ్ము పిలిచినారు. చూస్తే పేరు లేదు, నంబరు లేదు! తుప్పుతో ఉన్నా అమ్ముడుపోయేది. 1959 ఆయుధ చట్టం 8వ సెక్షను ప్రకారం గుర్తులు చెరపటం నేరం. అవి లేనిదానిని అమ్మనూ కూడదు. అసలు లైసెన్సుదారు పోయినప్పుడు వారసులు ఆలస్యం చేయక ఠాణాలోగాని, లైసెన్సుగల డీలరువద్దగాని తుపాకిని అప్పగించి, రసీదు పుచ్చుకొని, పిమ్మట తమ పేర దరఖాస్తు పెట్టుకోవలెను. 2019 సవరణ తరువాత మనిషికి రెండు తుపాకులే.

మా మిత్రుని రైఫిలు ఇప్పుడు ఠాణాలో ఉన్నది. తండ్రిగారి లైసెన్సు పుస్తకంలో నంబరున్నది, పోల్చి చూడటానికి గొట్టంమీద లేదు. పెండ్లి వైశాఖంలో.