తాళపుచెవి ఇచ్చుటకు ముందు

మిత్రుడడిగినపుడు కారు తాళపుచెవి ఇచ్చుట మర్యాదయే. కాని దానితో మన బాధ్యత తొలగిపోదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 146వ సెక్షను ననుసరించి బీమా లేని బండిని బహిరంగ స్థలమున మనము నడుపుటయే కాదు, ఇతరులను నడుపనిచ్చుటయు నేరమే.

మన దేశమున ఈ తప్పనిసరి బీమా బండికి సంబంధించినది. కనుక నడుపువారికి వేరుగా బీమా కలదా యని మనము విచారింప నక్కరలేదు. విచారింపవలసినది వారి లైసెన్సు. 5వ సెక్షను ఆ భారమును యజమానిపై నుంచినది. 2019 నాటి సవరణ ఆ తప్పునకు జరిమానాను 5000 రూపాయలకు పెంచినది.

లైసెన్సు లేదని యెరిగియు బండి నిచ్చినచో, క్షతగాత్రునికి బీమా కంపెనీ చెల్లించిన పరిహారము తుదకు మన నుండియే వసూలు కావచ్చును. బీమా గడువే ముగిసియున్నచో భారమంతయు మనదే.

ఒక్క నిమిషపు మొగమాటము దారిన పోవు నిర్దోషి కాలుసేతులను, మన యిల్లు వాకిలిని గూడ బలిగొనవచ్చును. అడిగి చూచుట అవమానము కాదు.