దెయ్యం కళ్లు వెలగాలి, చూసేవాళ్లకు షాక్ కొట్టకూడదు

కాలేజ్ ఫెస్ట్ వచ్చిందంటే ఏదో ఒక క్లాస్‌రూమ్ హాంటెడ్ హౌస్ అయిపోతుంది కదా! కిటికీలకు నల్ల గుడ్డలు, అట్టలతో గోడలు, మూలన ఒక పుర్రె. ఆ పుర్రెకు ఎర్రగా వెలిగే కళ్లు లేకపోతే కిక్కే లేదు. ఆ కళ్లకు ఎల్‌ఈడీ వైరింగ్ ఎలా చేయాలో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం. ఖర్చు తక్కువే, పని కూడా పెద్దదేం కాదు.

ముందు ఒక మాట. చాలామందికి మొదట వచ్చే ఐడియా ఏంటంటే, ఇంట్లో వినాయక చవితికి వేసిన సీరియల్ సెట్ ఉంది కదా, అందులోంచి రెండు బల్బులు కట్ చేసి పుర్రెలో పెట్టేసి, వైరు ప్లగ్‌లో పెట్టేద్దాం అని. దయచేసి ఆ పని చేయకండి. ఎందుకో చెప్తాను.

చౌకగా దొరికే సీరియల్ సెట్లలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. గోడలో ఉన్న 230 వోల్టులే నేరుగా వైర్లోకి వస్తాయి. ఒక్కో ఎల్‌ఈడీకి కావాల్సింది రెండు, మూడు వోల్టులే. అందుకే పదుల కొద్దీ ఎల్‌ఈడీలను వరసగా కలుపుతారు. అవన్నీ ఆ వోల్టేజ్‌ని తలా కొంచెం పంచుకుంటాయి. మీరు రెండు ఉంచి మిగతావి తీసేస్తే ఆ లెక్క తప్పుతుంది. కరెంట్ ఎక్కువై ఎల్‌ఈడీ మాడిపోతుంది, వైరింగ్ వేడెక్కుతుంది. అది చిన్న నష్టం. పెద్దది ఏంటంటే, బల్బు ఎంత చిన్నదైనా దాని కాలి మీద చెయ్యి పడితే తగిలేది 230 వోల్టుల కరెంటే. హాంటెడ్ హౌస్‌లో చీకటి. భయపడినవాళ్లు చేతికి ఏది అందితే అది పట్టుకుంటారు. కాబట్టి రూల్ ఒక్కటే: జనం చెయ్యి తగిలే బొమ్మలో బ్యాటరీ మాత్రమే ఉండాలి.

సరే, ఇప్పుడు పనిలోకి వెళ్దాం. కావాల్సినవి: రెండు ఎర్ర ఎల్‌ఈడీలు, ఒక 9 వోల్టుల బ్యాటరీ, దాని మీద నొక్కి బిగించే రెండు వైర్ల క్యాప్, చిన్న స్విచ్, 470 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, ఇన్సులేషన్ టేప్. ఎలక్ట్రానిక్స్ షాపులో రెసిస్టెన్స్ అని అడిగినా ఇస్తారు. దాని మీద రంగు గీతలు పసుపు, వంకాయ రంగు, గోధుమ వరసలో ఉంటాయి.

రెసిస్టర్ ఎందుకు? ఎల్‌ఈడీ తనకు కావాల్సినంత తీసుకుని ఆగిపోయే రకం కాదు. ఎంత ఇస్తే అంత లాగేసుకుని చచ్చిపోతుంది. దానికి కళ్లెం వేసేది రెసిస్టర్. లెక్క చూడండి. ఎర్ర ఎల్‌ఈడీ ఒక్కోటి సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. రెండూ వరసగా కలిపితే 4. తొమ్మిదిలో నాలుగు పోతే మిగిలేది 5 వోల్టులు. మనకు కావాల్సిన కరెంట్ 10 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.01 ఆంపియర్. ఐదుని 0.01తో భాగిస్తే 500 ఓమ్‌లు. షాపులో దొరికే దగ్గరి సైజు 470. చీకటి గదిలో ఈ వెలుగు చాలు. నీలం, తెలుపు ఎల్‌ఈడీలు అయితే ఒక్కోటి సుమారు 3 వోల్టులు తీసుకుంటుంది, అప్పుడు లెక్క మళ్లీ వేసుకోండి.

కలపడం ఇలా. ఎల్‌ఈడీకి పొడుగు కాలు ప్లస్, పొట్టి కాలు మైనస్. బ్యాటరీ ఎర్ర వైరు స్విచ్‌కి, అక్కడి నుంచి రెసిస్టర్‌కి, అక్కడి నుంచి మొదటి ఎల్‌ఈడీ పొడుగు కాలికి. దాని పొట్టి కాలు రెండో దాని పొడుగు కాలికి. చివరి పొట్టి కాలు బ్యాటరీ నల్ల వైరుకి. వెలగలేదా? ఏదో ఒక ఎల్‌ఈడీ తిరగబడి ఉంటుంది, తిప్పి పెట్టండి. ప్రతి అతుకుకీ టేప్ చుట్టండి. సోల్డరింగ్ మొత్తం పుర్రె బయటే పూర్తి చేసి, చల్లారాక లోపల పెట్టండి. థర్మాకోల్ దగ్గర వేడి ఇనుము పెడితే కరిగిపోతుంది, పొగ కూడా మంచిది కాదు.

ఒక చిట్కా. టీటీ బాల్‌ని సగానికి కోసి ఎల్‌ఈడీ ముందు పెట్టండి. వెలుగు చుక్కలా కాకుండా కనుగుడ్డు మొత్తం ఎర్రగా కనిపిస్తుంది.

ఐదారు పుర్రెలు ఉన్నాయా? ఒక్కో పుర్రెకీ సొంత బ్యాటరీ, సొంత రెసిస్టర్ ఇవ్వండి. అన్నిటికీ ఒకే రెసిస్టర్ పెడితే ఒకటి బాగా వెలిగి ఇంకొకటి మసకగా ఉంటుంది. పవర్ బ్యాంక్ వాడదామనుకుంటే ముందే టెస్ట్ చేయండి. ఇంత తక్కువ కరెంట్ తీసుకుంటే చాలా పవర్ బ్యాంకులు ఫోన్ తీసేశారనుకుని వాటంతట అవే ఆగిపోతాయి. బటన్ సెల్స్ వాడితే స్క్రూ ఉన్న మూత తప్పనిసరి. పసిపిల్లలు మింగితే గంటల్లోనే ఆహారనాళం కాలిపోతుంది.

ఇక నిప్పు సంగతి. ఎఫెక్ట్ కోసం కొవ్వొత్తి పెడదాం అని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. 1984 మే 11న అమెరికాలోని న్యూజెర్సీలో, సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ పార్కులోని హాంటెడ్ కాజిల్‌లో మంటలు లేచి 8 మంది టీనేజర్లు చనిపోయారు. మీ వయసు పిల్లలే. గోడలకున్న ఫోమ్ చాలా త్వరగా అంటుకుంది. మన హాంటెడ్ హౌస్‌లో ఉండేది ఏంటి? అట్ట, గుడ్డ, థర్మాకోల్. అన్నీ అంటుకునేవే.

కాబట్టి గేటు తెరిచే ముందు నాలుగు పనులు. బయటికి వెళ్లే తలుపు ముందు ఏ సామానూ పెట్టకండి, గడియ వేయకండి. గది మెయిన్ లైట్ స్విచ్ దగ్గర ఒక ఫ్రెండ్‌ని నిలబెట్టండి, ఎవరైనా గట్టిగా ఆపమంటే వెంటనే లైట్ వేసేయాలి. ఒకేసారి లోపలికి నలుగురైదుగురికి మించి పంపకండి. మంటలార్పే సిలిండర్ ఎక్కడుందో, ఎలా వాడాలో మీ టీమ్ అందరికీ తెలియాలి.

లోపలికి వచ్చినవాళ్లు కేకలు పెట్టాలి, బయటికి వచ్చాక నవ్వుకోవాలి. అంతే ఫ్రెండ్స్. మీ పుర్రె కళ్లు వెలిగాక ఒక వీడియో తీసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.