మన రక్తం సంగతి మన పిల్లలే చెప్పాలి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ ఆన్‌లైన్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఆగస్టు 9న మన భాష గురించి, మన థింసా గురించి, అడవి మీద మన హక్కు గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ మాట్లాడుకోవాల్సినవే. ఈసారి గిరిజన బాలికల వసతి గృహాల వార్డెన్ల తరఫున మేము ఇంకో సంగతి ముందుకు తెస్తున్నాం. అది డిగ్రీలో, నర్సింగ్‌లో మన పిల్లలు చదివే బయోకెమిస్ట్రీ, అందులోని మెటబాలిజం పాఠం. తెలుగులో జీవక్రియ అంటాం. సాంస్కృతిక సభలో ఈ పాఠం ఎందుకని అనుకోకండి. ఇది మన తిండికి, మన రక్తానికి సంబంధించిన చదువు.

మాలో చాలామందిమి బీఈడీ చదివి, బడిలో జీవశాస్త్రం చెప్పి వార్డెన్లుగా వచ్చినవాళ్లం. అందుకే పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో మాకు కనబడుతుంది. ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్ల డిగ్రీలో చేరేసరికి పుస్తకమంతా ఇంగ్లీషే. 2021-22లో ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేశారు. గ్లైకాలిసిస్ పేజీ తెరిస్తే 10 మెట్లు, 10 ఎంజైములు, ఒక్కో పేరూ ఒక్కో గజం పొడుగు. కొందరు బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కుతారు. కొందరు గ్రూపు మార్చుకుంటారు. ఇంకొందరు ట్రంకు పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లిపోతారు. మాకు బాధ కలిగించేది ఈ మూడో సంగతి.

పిల్లలూ, ఇప్పుడు మీతో మాట్లాడతాం. ఆ పేర్లకు భయపడకండి. ఎంజైమ్ పేరులోనే దాని పని ఉంటుంది. కైనేజ్ అంటే ఫాస్ఫేట్‌ను ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట తగిలించేది. ఐసోమరేజ్ అంటే అణువు లోపలి అమరికను మార్చేది. డీహైడ్రోజినేస్ అంటే హైడ్రోజన్‌ను తీసేది. ఈ మూడు మాటలు పట్టుబడితే 10 మెట్లలో సగానికి పైగా మీకే తెలిసిపోతాయి.

ఇక లెక్క. పసుపు అమ్మడానికి సంతకు వెళ్లాలంటే ముందు జీపు కిరాయి మన చేతి నుంచి పెట్టాలి. అమ్మకం అయ్యాకే డబ్బు వస్తుంది. గ్లైకాలిసిస్‌లోనూ అంతే. 6 కార్బన్ల గ్లూకోజ్‌ను విడగొట్టడానికి కణం ముందు 2 ఏటీపీలు ఖర్చు పెడుతుంది. చివరకు 4 వస్తాయి. మిగిలేది 2. చేతికి వచ్చే సరుకు 3 కార్బన్ల పైరువేట్, రెండు. సంత లెక్క తెలిసిన ఇంటి పిల్లకు ఇది కష్టమా?

ఆ పైరువేట్ తర్వాత ఎటు పోతుందో మీకు ముందే తెలుసు. ఆక్సిజన్ బాగా అందితే మైటోకాండ్రియాలోకి వెళ్లి క్రెబ్స్ వలయంలో కలుస్తుంది. ఏటవాలు కొండ ఒక్క ఊపున ఎక్కేటప్పుడు కండరానికి ఆక్సిజన్ చాలకపోతే లాక్టేట్ అవుతుంది. ఈస్ట్ చేతిలో పడితే సారా అవుతుంది. కుండలో నానిన ఇప్పపువ్వు పొంగినా, పొద్దున తీపిగా ఉన్న జీలుగు కల్లు సాయంత్రానికి ఘాటెక్కినా జరిగేది ఇదే. మన పెద్దలకు పైరువేట్ అనే పేరు తెలియదు. ఎంతసేపు ఉంచితే ఏమవుతుందో మాత్రం బాగా తెలుసు.

గ్లైకోజన్ పాఠమూ హాస్టల్లోనే ఉంది. రాత్రి 7 గంటలకు తిన్న అన్నం పొద్దున దాకా ఎలా కాస్తుంది? కాలేయంలో గ్లైకోజన్ అనే గాదె ఉంది. రాత్రంతా అందులోంచి కొంచెం కొంచెం గ్లూకోజ్ రక్తంలోకి వస్తుంది. పొద్దున ఏమీ తినకుండా ప్రాక్టికల్స్‌కి పరిగెత్తిన పిల్ల పదకొండింటికి కళ్లు తిరిగి కూర్చుందంటే, గాదె అడుగంటిందని అర్థం. టిఫిన్ తినమని మేము వెంటపడేది మా చాదస్తం కాదు, మీ పుస్తకంలోని పాఠమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. ఈ చదువు మనకు ఎందుకంత అవసరమో తల్లిదండ్రులు కూడా వినాలి.

సికిల్ సెల్ జబ్బు ఆదివాసీల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల ఆదివాసీల్లో గుర్తించారు. కారణం చాలా చిన్నది. హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాలి. అక్కడ వాలీన్ వచ్చి కూర్చుంటుంది. వాలీన్‌కు నీళ్లంటే పడదు. ఆక్సిజన్ వదిలేసిన హీమోగ్లోబిన్లు దాని వల్ల ఒకదానికొకటి అతుక్కుని కడ్డీల్లా అవుతాయి. గుండ్రంగా ఉండాల్సిన కణం కొడవలిలా వంగుతుంది. సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. భరించలేని నొప్పులు వస్తాయి. మామూలు ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఇది 10 నుంచి 20 రోజుల్లోనే పగిలిపోతుంది. అందుకే రక్తం తగ్గిపోతుంది.

ఇది గాలి సోకడం కాదు, చేతబడి కాదు, ఎవరి పాపమూ కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ మారినవే వస్తే జబ్బు. ఒక్కటే వస్తే ఆ మనిషి వాహకురాలు, సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటుంది. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి 25 శాతం అవకాశం ఉంది. అయితే వాహకులకు ప్రాణాంతకమైన ఫాల్సిపారం మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథోనీ ఆలిసన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. మలేరియా ఉన్న నేలల్లో ఈ జన్యువు తరాలుగా నిలిచింది అందుకే. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మలేరియా దగ్గరే ఇంకో పాఠం ఉంది. వైవాక్స్ మలేరియాకు ప్రైమాక్విన్ మాత్ర 14 రోజులు ఇస్తారు. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉన్నవాళ్లకు ఆ మాత్ర పడదు. ఎర్ర కణాలు పగిలి, మూత్రం నల్ల టీ రంగులో వస్తుంది. పెంటోజ్ ఫాస్ఫేట్ మార్గంలో మొదటి మెట్టు ఈ ఎంజైమే. ఎర్ర కణానికి మైటోకాండ్రియా లేదు. తనను తాను కాపాడుకోవడానికి దానికి ఈ దారే దిక్కు. పరీక్షలో 5 మార్కులకు చదివే పేరా ఇది. మాత్ర వేసుకున్నాక మూత్రం రంగు మారిందని ఊళ్లో ఎవరైనా చెబితే, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమని చెప్పగలిగేది ఈ పేరా అర్థమైన పిల్లే.

ప్రభుత్వం 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 2047 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలన్నది లక్ష్యం. పరీక్షలు చేస్తున్నారు, కార్డులు ఇస్తున్నారు. కానీ ఆ కార్డు మీద ఏముందో కువిలో, గదబలో, కోయలో, సవరలో ఇంట్లో అవ్వకు ఎవరు చెబుతారు? వాహకురాలంటే రోగి కాదని కాబోయే అత్తమామలకు ఎవరు నచ్చజెబుతారు? చీటీ చదివి వెళ్లిపోయే బయటి మనిషి చెబితే ఊరు వినదు. మన బిడ్డ చెబితే వింటుంది. ఆ బిడ్డ మొదటి సెమిస్టర్‌లోనే చదువు వదిలేస్తే, మన రక్తం గురించి ఎప్పటికీ ఎవరో చెప్పిందే మనం వినాలి.

మార్కులు తక్కువ వచ్చాయని కుంగిపోయే పిల్లలు ఒక పేరు గుర్తుపెట్టుకోండి. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ దాటలేదు. ఆయనే అమెరికాలో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని గుర్తించారు. మీరు ల్యాబ్‌లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతికి వాళ్లిద్దరి పేర్లే ఉన్నాయి. తర్వాత ఆయన బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. కణాలు త్వరగా పగిలిపోయే సికిల్ సెల్ పిల్లలకు కొత్త రక్తం పట్టడానికి ఇచ్చే మాత్రల్లో ఆ ఫోలిక్ ఆమ్లం ఒకటి.

చివరగా మా మనవి మూడు మాటలు.

పిల్లలూ, పాఠాన్ని ముందు ఇంటి భాషలో ఒకరికొకరు చెప్పుకోండి. తర్వాత తెలుగులో చెప్పుకోండి. ఆ తర్వాతే ఇంగ్లీషులో రాయండి. ప్రతి మెట్టు దగ్గరా "ఇది ఆగిపోతే ఏమవుతుంది?" అని అడగండి. జవాబు చాలాసార్లు మనకు తెలిసిన జబ్బే అయి ఉంటుంది.

తల్లిదండ్రులారా, పిల్ల ఫోన్ చేసి "చదువు రావడం లేదు, వచ్చేస్తా" అంటే వెంటనే రమ్మనకండి. ఒక్క సెమిస్టర్ ఓపిక పట్టమనండి, మాకూ ఒక మాట చెప్పండి. పెళ్లి మాటలకు ముందు ఇద్దరి రక్త పరీక్ష కార్డులూ చూడండి. రక్తం తక్కువగా ఉందంటే ఐరన్ మాత్రలు సొంతంగా కొనివ్వకండి. అది ఐరన్ లోపమో సికిల్ సెల్లో డాక్టరు తేల్చాలి. డాక్టరు ఐరన్ రాస్తే మాత్ర మింగి వెంటనే టీ తాగనివ్వకండి. టీ ఆ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. ఉసిరికాయ పట్టనిస్తుంది. ఇంట్లో చోడి అంబలి మానేయకండి. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో ఉండేది అందులో పిసరంత.

సంఘం పెద్దలారా, నర్సింగ్, ఫార్మసీ, బీఎస్సీ పూర్తిచేసిన మన అన్నలు, అక్కలు ఊరూరా ఉన్నారు. ఆదివారం ఒక గంట ఫోన్లోనే మా పిల్లలకు పాఠం చెప్పేలా చూడండి. గదులు మేము తెరిచి ఉంచుతాం, పిల్లల్ని మేము కూర్చోబెడతాం. మన పాటలు, కథలు సేకరించినట్టే ఈ పాఠాల మాటలకు మన భాషల్లో పేర్లు కూడా సేకరించండి. మన భాషలో శాస్త్రం చెప్పుకోగలిగితే ఆ భాష కూడా బతుకుతుంది.

 జై ఆదివాసీ.